ఆర్నెల్ల పూచీ

మొన్న ఆదివారం మా మనుమరాలు కాశీబుగ్గ నుంచి తన సైకిలు తెచ్చుకొని వస్తూనే, ఇంకా గుమ్మం దాటకుండానే, కంపెనీవారి మీద ధ్వజమెత్తింది. వెనుక చక్రం దగ్గర గేర్లు మార్చే సరంజామా ఏదో విరిగితే దుకాణంవారు పేచీ పెట్టకుండా కొత్తది వేసి ఇచ్చారట గాని, ఇంటికి చేరేలోగానే ఫోనుకు ఒక సందేశం వచ్చిందట. మార్చి ఇచ్చిన భాగానికి మళ్లీ కొత్తగా వారంటీ మొదలుకాదనీ, పాత భాగానికి ఎన్నాళ్లు మిగిలి ఉన్నదో అన్నాళ్లే దీనికీ వర్తిస్తుందనీ అందులో ఉన్నది. "కొత్త సామానుకి కొత్త వారంటీ ఉండాల కదా నాన్నమ్మా, ఇదేటి అన్యాయం" అని, ఆ నిబంధన నేనే రాసి పెట్టినట్టు, నన్ను నిలదీసింది. నాకు నవ్వు వచ్చింది. ఆ వాక్యాన్ని నేను నలభై ఏళ్ల కిందట పలాసలో ఒక సైకిలు దుకాణం ముందు నిలబడి, ఇంగ్లీషులో చదివి, తెలుగులో అర్థం చెప్పవలసి వచ్చింది. అంత చిన్న వాక్యానికి అర్థం చెప్పడానికి అంత గుండెనిబ్బరం నాకు మళ్లీ ఎన్నడూ అవసరం కాలేదు. నా ఈడువారెవరైనా ఇది చదువుతుంటే, చక్రాల కమ్ములు సుద్దతో తుడుచుకొని పండుగనాడు కుంకుమబొట్టు పెట్టిన రోజులు తెలిసినవారై ఉంటే, ఈ ముచ్చట వారికి చెప్పుకోవాలనిపించింది.

నేను టెక్కలిలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్నగారు సంస్కృతం చెప్పే అయ్యవారు కావడంచేత శబ్దాలూ సమాసాలూ ఉగ్గుతోపాటే వంటబట్టాయి. భాషాప్రవీణ ముగించి, పండిత శిక్షణ కూడా పూర్తిచేసిన ఏడాదే నాకు పెళ్లి చేసి ఉద్దానంలో ఒక పురోహితుల ఇంటికి పంపించారు. మావారు సోంపేటలో ఒక కచేరీలో గుమస్తా. శనివారం సాయంకాలం వచ్చి సోమవారం తెల్లవారు బస్సుకు వెళ్లిపోయేవారు. తక్కిన దినాలలో ఆ ఇంట్లో మామగారు, అత్తగారు, నేను. చుట్టూ కొబ్బరి, పనస, జీడిమామిడి. గాలి తూర్పునుంచి తిరిగినప్పుడు సముద్రపు హోరు వంటింట్లోకి కూడా వినిపించేది.

మామగారు ముహూర్తాలు పెట్టే మనిషి. ఆ వృత్తి ఆయన మాటలోకి కూడా పాకి ఉండేది. అవుననీ కాదనీ ఆయన అనగా నేను వినలేదు. ఎవరు ఏమి అడిగినా, "వచ్చే పంచమి దాకా చూడండి", "ఏరువాక దాకా ఉండనివ్వండి" అని ఒక గడువు చెప్పేవారు. నూతి నీటి కోసం తగవుపడిన అన్నదమ్ములు కూడా ఆయన చెప్పిన తిథి వరకు నోరు మూసుకొని ఉండేవారు. గడువు లోపల ఎవరు వచ్చి ఏమి చెప్పినా ఆయన మాట మారదు. గడువు తీరిన మరునాడు ఎవరు వచ్చి బతిమాలినా పొడిగించరు. ఆ నియమం ఎంత కచ్చితమైనదో ఆ చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ తెలుసు.

అటువంటి ఇంటికి, నేను కాపురానికి వచ్చిన నాలుగవ నెలలో, నాకు తెలుగు పండితురాలిగా ఉద్యోగపు ఉత్తరువు వచ్చింది. అక్కుపల్లి వైపు, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో ఉన్నత పాఠశాల. మా ఊరికి నాలుగు మైళ్లు. ఆ దారిన ఒకే బస్సు, అదీ దాని మనసు పుట్టినప్పుడు వచ్చేది. నడిచి వెళ్లాలంటే జీడితోటల నడుమ ఇసుకదారి. అత్తగారు ఆ మాట వింటూనే కళ్లనీళ్లు పెట్టుకొన్నారు. కోడలు తోటలవెంట ఒంటరిగా పోవడమేమిటి, ఊరు ఏమనుకొంటుంది, శుభకార్యాలకు మామగారిని పిలిచేవారు ఏమంటారు అని ఆమె భయం. మావారు తల్లితో వాదించలేదు. ఆ శనివారం మాత్రం పలాసలో దిగి, ఆడవాళ్లు తొక్కే సైకిలు ఒకటి కొని, బస్సు కప్పుమీద వేయించుకొని వచ్చారు.

ఆ సైకిలుతోపాటు ఒక అట్టకాగితం వచ్చింది. దానిమీద దుకాణంవారి నీలిరంగు ముద్ర, కొన్న తేదీ, కింద ఇంగ్లీషులో చీమతలలంత అక్షరాలు. అది ఏమిటని అత్తగారు అడిగితే వారంటీ కార్డని చెప్పాను. ఆమె చేతిలోని చేట కింద పెట్టేశారు.

"ఓలమ్మ, వారంటేటి! ఏడాది తిరక్కుండానే మా కోడలి మీద వారంటేటి! ఎవలిచ్చారు?"

కొబ్బరిచెట్ల సరిహద్దు తగవులో పొరుగింటివారి కోసం కోర్టు జవాను తెచ్చిన కాగితం ఒక్కటే ఆమె ఎరిగిన వారంటు. ఇది అటువంటిది కాదనీ, బండి తయారీలో లోపమేదైనా బయటపడితే ఆరు నెలల లోపల కంపెనీవారే బాగుచేసి ఇస్తామని రాసి ఇచ్చిన మాటనీ నేను చెప్పేటప్పటికి మామగారు పంచాంగం మూసి కార్డును చేతిలోకి తీసుకొన్నారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. తేదీ ఎక్కడున్నదో చూపించమన్నారు. శ్రావణ మాసం నుంచి మాఘం దాకా వేళ్లమీద లెక్కించి, కార్డును పంచాంగంలో పెట్టుకొని, "ఈ కాగితానికి ప్రాణం ఉన్నన్నాళ్లూ వెళ్లమ్మా. గడువు తీరాక ఇంట్లోనే ఉందువుగాని" అన్నారు. అవునూ కాలేదు, కాదూ కాలేదు. ఆర్నెల్లు అయింది.

అత్తగారి నోట మాత్రం ఆ సైకిలు పేరు వారంటుగానే స్థిరపడిపోయింది. ఆమె నోటినుంచి అది పనిమనిషికి, పనిమనిషి నుంచి ఊరికి చేరింది. నేను బయలుదేరేటప్పుడు నూతి దగ్గర ఆడవాళ్లు, "పంతులుగారి కోడలు వారంటు మీదెళ్తంది, తప్పుకోండే" అని పక్కకు జరిగేవారు. మొదట్లో ఆ ఎకసెక్కానికి చెవులు వేడెక్కేవి. తరువాత నేనే గంట కొట్టి, "వారంటు వొస్తంది" అనడం నేర్చుకొన్నాను.

ఆ ఆరు నెలలను గురించి చెప్పడం మొదలుపెడితే ఈ కాగితాలు చాలవు. జీడిపూత వాసన, ఇసుక అడ్డుపడినచోట దిగి సైకిలును నడిపించుకొంటూ పోయే అరమైలు, ఆ అరమైలులో పాఠం నెమరువేసుకొనే సుఖం. పిల్లలు చాలామంది వలలు లాగేవారి బిడ్డలు, జీడిగింజలు కొట్టే తల్లుల బిడ్డలు. చదివి చూపించమంటే చకారం పలకక సకారం పలికేవారు. నేను మొదటి నెల దిద్దాను, రెండవ నెల నవ్వాను, మూడవ నెలకు వాళ్ల నోట పద్యం ఎంత తియ్యగా ఉన్నదో విని దిద్దడం తగ్గించాను. తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల, ఎప్పుడూ వెనక కూర్చొనేది, ఒకనాడు సీసపద్యం నాలుగు పాదాలూ తడుముకోకుండా అప్పగించి, తానే ఆశ్చర్యపోయి, కూర్చోవడం మరచి నిలబడిపోయింది. ఆనాడు ఇంటికి వస్తూ మాఘమాసం ఎంత దూరంలో ఉన్నదో మొదటిసారి వేళ్లమీద లెక్కపెట్టుకొన్నాను. లెక్కపెట్టిన కొద్దీ దిగులు పెరిగింది గాని మామగారిని అడిగే ధైర్యం కలగలేదు. ఆయన గడువు సంగతి నాకు తెలుసు.

పుష్యమాసం వచ్చింది. ఆ ఏడు చలి ఎక్కువ. ఒక ఉదయం, బడికి ఇంకా మైలున్నర దూరాన, ఉన్నట్టుండి నా పాదాలు తేలికైపోయాయి. పెడలు తిరుగుతున్నది, గొలుసు తిరుగుతున్నది, చక్రం మాత్రం తనకేమీ పట్టనట్టు నిలబడి ఉన్నది. ఎంత తొక్కినా గాలిలో తొక్కినట్టే. ఆనాడు నడిచి బడికి వెళ్లి, నడిచి ఇంటికి వచ్చాను. దారిలో కొబ్బరికాయల బండివాడు జాలిపడి సైకిలును కాయల మీద వేసుకొన్నాడు.

మామగారు అరుగు మీదనుంచి చూశారు. విషయం విని, మర్నాడు తానూ పలాస వస్తానన్నారు. ఆయన ఎన్నడూ ఇటువంటి పనులకు కదిలే మనిషి కాదు. బండే పడిపోయింది కనుక గడువు కూడా ఇక్కడితో ముగిసిందని, నెల ముందే తేల్చి చెప్పడానికి వస్తున్నారని నాకు నిశ్చయమైపోయింది. విచిత్రమేమంటే ఆ పూట అత్తగారు కూడా అన్నం సరిగా తినలేదు. నా ఉద్యోగం పోతే సంతోషించవలసిన మనిషి, సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగి, వెనుక చక్రాన్ని చేత్తో నిమిరి, లోపలికి వెళ్లిపోయారు.

పలాసలో ఆ దుకాణదారు పెద్దవయసు మనిషి. ముక్కు మీదికి జారే కళ్లద్దాలు, చేతుల గీతల్లో ఇంకిపోయిన నల్లటి నూనె. మామగారికి బల్ల తుడిచి వేసి, సైకిలును తలకిందులుగా నిలబెట్టి, వెనుక చక్రం విప్పి, గొలుసు పట్టే పళ్లచక్రాన్ని వేరుచేశాడు. ఫ్రీవీలు అనేది అదే. దాని మూత తీసి, లోపలికి చూసి, ముక్కు దగ్గర పెట్టుకొని, నావైపు తిరిగాడు.

"టీచరమ్మా, దీనికేటి పోసినావు?"

నేనేమీ పోయలేదన్నాను. అతడు వేలితో తెల్లటి వెన్నవంటి ముద్ద తీసి చూపించాడు. ఇసుక కలిసిన కొబ్బరినూనె, చలికి పేరుకొని ఉన్నది.

"తల్లీ, కొబ్బరినూనె తలకి రాత్తారు, దీపానికి పోత్తారు, కూరలోకి ఏత్తారు. సైకిలికి ఎట్టినోళ్లని ఇంతకాలానికి నిన్నే సూత్తన్నాను. సలికి గడ్డ కట్టీసి, ఇసక పట్టీసి, లోపలున్న నాలుకలు లెగడం మానీసినాయి."

మామగారు ఆ ముద్దను వాసన చూశారు. మా తోట కాయలు గానుగాడించిన నూనె వాసన ఆయనకు తెలియనిది కాదు. నాకూ అప్పుడే తెలిసింది. నెలరోజులుగా దారిపొడుగునా నా వెంట వస్తున్న ఆ పరిమళం నా జడదే అనుకొంటూ వచ్చాను. తెల్లవారుజామున నేను స్నానానికి వెళ్లిన వేళ, పొయ్యి అంటించకముందే, అత్తగారు ఆ వారంటుకు కూతురి తలకు అంటినట్టు నూనె అంటుతున్నారన్నమాట. ఆరు నెలలు సహవాసం చేస్తే వారు వీరవుతారని సామెత. ఆమెకు నాలుగు నెలలే పట్టింది.

అరిగిపోయే టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లకూ, తుప్పుకూ, వాడినవారి పొరపాటుకూ కంపెనీ పూచీ పడదని కార్డులో ఉన్న సంగతి నాకు తెలుసు. కాని దుకాణదారు ఆ ముద్దనంతా కిరసనాయిలుతో కడిగి, చక్రాన్ని పట్టి తిప్పే ఆ నాలుకలను ఒక్కొక్కటిగా ఎత్తి చూసి, వాటిని పైకి నెట్టే సన్నని తీగ ముక్కలై ఉండడం కనిపెట్టాడు. విరిగినచోట వేలు ఆనించి, "నూనెకి ఉక్కు ఇరగదు పంతులుగారూ. ఈ తీగే సచ్చు సరుకు. దీనికి కంపెనీయే పూచీ. మీరు కార్డివ్వండి, కొత్తది ఏసీసి ఇస్తాను, పాతది నాను ఆళ్లకి పంపించుకుంటాను" అన్నాడు.

మామగారు పంచాంగంలోనుంచి కార్డు తీసి అతనికి ఇవ్వలేదు. నాకు ఇచ్చారు.

"కొత్తది వేస్తే దాని గడువు ఎంతని రాసి ఉన్నదో చదువమ్మా. మాటకు మాట చెప్పు."

ఆ వాక్యం ఎక్కడున్నదో నేను వెతకనక్కరలేదు. కార్డు చివర, ముద్రకు ఎగువన, ఒకటిన్నర పంక్తి. దాన్ని అంతకుముందే చదివి ఉన్నాను. దుకాణదారు చెయ్యి ఆపి నావైపు చూస్తున్నాడు. ఏళ్ల అనుభవంచేత ఆ మాట అతనికి తెలుసు. మామగారికి తెలియదు. కొత్త భాగానికి కొత్తగా ఆరు నెలలు అని నేను ఒక్కమాట అంటే చాలు. మాఘం కాస్తా ఆషాఢం అవుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలు పైతరగతికి వెళ్లేదాకా నేను వారితో ఉంటాను. దుకాణదారు కూడా నా ముఖం చూసి ఊరుకొనేవాడేమో. ఆ కాస్త సేపటిలో నా మనసు ఎన్ని సమర్థనలు అల్లిందో చెబితే సిగ్గుగా ఉంటుంది. కాని మాటకు అర్థం చెప్పడమే జీవనంగా ఎంచుకొన్నదాన్ని. ఆ చిన్నచిన్న అక్షరాలకు తప్పు అర్థం చెప్పి, మర్నాడు ఆ పిల్లల ముందు నిలబడి పద్యానికి ప్రతిపదార్థం ఎలా చెప్పను?

చదివాను. చెప్పాను. లోపమున్న భాగానికి బదులుగా వేసిన భాగానికి, మొదటి భాగానికి మిగిలిన గడువు మాత్రమే వర్తిస్తుంది. కొత్త గడువు మొదలుకాదు. "నెలా రెండు రోజులు మిగిలి ఉన్నది మావయ్యగారూ" అని లెక్క కూడా నేనే చెప్పాను.

దుకాణదారు కొత్త ఫ్రీవీలు బిగించి, చక్రం తగిలించి, పెడలు చేత్తో తిప్పితే చక్రం సన్నగా కిరకిరమంటూ తిరగసాగింది. మామగారు దానివంకే చూస్తూ, చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగారు.

"అయితే నెలా రెండు రోజులు దాటాక ఇది ఆగిపోతుందా?"

దుకాణదారు నవ్వు ఆపుకోలేకపోయాడు. "అదేటి పంతులుగారూ, ఎందుకాగుతాది? మంచి నూనె ఎయ్యండి, పదేళ్లు తిరుగుతాది. వారంటీ అంటే బండి ఆయుస్సు కాదు బాబూ, కంపెనీ ఇచ్చిన మాటకి ఆయుస్సు. మాట తీరిపోతే ఆళ్ల పూచీ పోతాది గానీ, సక్రం పనిసెయ్యడం మానీదు."

మామగారు తల ఊపారు. బల్లమీదనుంచి లేచి, కార్డును అతని చేతికిచ్చి, ఏమి రాయాలో రాయమన్నారు. అతడు వెనుకవైపు ఫ్రీవీలు మార్చినట్టు రాసి, ముద్ర వేసి ఇచ్చాడు.

తిరుగుదారిలో బస్సు మందస వైపు వెళ్లే జనంతో కిక్కిరిసి ఉన్నది. మా ఊరి మలుపులో దిగి, బస్సు కప్పుమీదనుంచి సైకిలు దింపించుకొని నడుస్తూండగా, నాకు రెండడుగులు ముందు వెళుతున్న మామగారు ఆగి, వెనుదిరగకుండానే చెప్పారు.

"అమ్మాయీ, నేను పెట్టిన గడువు నీ ఉద్యోగానికే అని నిన్నటిదాకా అనుకొన్నాను. కాదు. ఊరు అడిగితే నాదీ పూచీ అని చెప్పడానికి నేను పెట్టుకొన్న గడువు అది. అది మాఘంలో తీరిపోతుంది. తీరిపోనీ. అర్థం చెప్పడంలో ఇంత నిక్కచ్చిగా ఉండే మనిషికి ఆ తరువాత నా పూచీ ఎందుకు?"

నేను సైకిలు హ్యాండిలు పట్టుకొని నిలబడిపోయాను. చక్రానికి అంటిన ఇసుకను చీర కొంగుతో తుడవడం మొదలుపెట్టాను. చీర పాడవుతుందని ఆయనే అన్నారు.

ఇంటికి చేరగానే మామగారు అత్తగారితో, ఇకమీదట ఆ నూనెను కోడలి తలకు పెట్టవలసిందనీ, చక్రానికి దాని నూనె వేరే ఉన్నదనీ చెప్పారు. అత్తగారు పమిట చెంగు నోటికి అడ్డుపెట్టుకొని, దొరికిపోయిన పిల్లలా, "నాకేటి తెలుసు. కిర్రుకిర్రుమంటంటే పాపమనిపించింది. ఆ జీడితోటల్లో బండి ఆగిపోతే పిల్లని ఎవలు సూస్తారనీసి, రోజూ కాస్తంత పెట్టేదాన్ని" అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆమె నావైపు చూడలేదు, నేనూ ఆమెవైపు చూడలేకపోయాను. ఆమె కోసం పలాస నుంచి సైకిలు నూనె సీసా ఒకటి తెప్పించాము. ఆ తరువాత ఎన్నో ఏళ్లు తెల్లవారుజామున అది వేసే అధికారం ఆమెదే.

మాఘమాసంలో గడువు తీరిన రోజు వచ్చింది. ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తలేదు. నేను ఎప్పటివలెనే క్యారియరుకు అన్నం గిన్నె కట్టుకొని బయలుదేరాను. అరుగుమీద పెళ్లి ముహూర్తానికి వచ్చినవారితో ఉన్న మామగారు తల ఎత్తి చూసి, మళ్లీ పంచాంగంలోకి వంగారు. ఆనాడు బడిలో ఏ పాఠం చెప్పానో గుర్తులేదు.

ఆ బడిలోనూ, తరువాత మరి నాలుగు బడులలోనూ ముప్పైయేళ్లకు పైగా పనిచేసి విరమించాను. మామగారూ అత్తగారూ, వారి తరువాత మావారూ వెళ్లిపోయారు. ఆ ఇసుకదారి ఇప్పుడు నల్లటి తారురోడ్డు. తుఫానులకు పడిపోయిన కొబ్బరిచెట్ల స్థానంలో వేసిన మొక్కలు కూడా కాపుకు వచ్చాయి. ఆ దారిన ఆడపిల్లలు బండ్లమీద నన్ను దాటుకొని పోతూంటే, ఎవరినీ ఏమీ అడగకుండా పోతున్నారని సంతోషమే కలుగుతుంది. వారి బండ్లకు మూడేళ్లు, అయిదేళ్లు వారంటీ ఉంటుందట. దాన్ని ఎవరికీ చదివి వినిపించనక్కరలేదు, ఎవరి ముద్రా అక్కరలేదు, ఏదో సంఖ్య నొక్కితే యంత్రమే జవాబు చెబుతుందట. సదుపాయమే, కాదనను. కాని పూచీ అన్న మాట ఇప్పుడు కోర్టు కాగితాలలో తప్ప ఎవరి నోటా వినిపించడం లేదు. నలుగురిలో "ఈ పిల్లకి నాదీ పూచీ" అని ఒక పెద్దమనిషి అనడమూ, తాను పడ్డ పూచీ ఇక అక్కరలేదని ఆ పిల్ల ముందే ఒప్పుకొని పక్కకు తప్పుకోవడమూ, రెండూ ఒకే మనిషిలో చూసినదాన్ని నేను. మొన్న మనుమరాలికి వారంటీ అంటే తెలుగులో పూచీ అని చెబితే, పూచీ అంటే ఏటని అడిగింది. ప్రతిపదార్థం చెప్పబోయి ఆగిపోయాను. ఆ మాటకు అర్థం చెప్పడానికి నాకు ఒక మనిషి తప్ప ఏ పదమూ తోచలేదు.